గోల్ఫ్ మైదానంలో ఎదురొచ్చినవాళ్ళు

నేను గోల్ఫ్ ఆడను. ఇరవై ఏళ్ళకు పైగా గోల్ఫ్ క్లబ్బు నడిపాను కానీ ఒక్కనాడూ ఆ కర్ర పట్టి బంతి కొట్టలేదు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి మా దగ్గర పనికి చేరిన పిల్లలు మొదటి రోజే అడిగేవాళ్ళు, "సార్, మీరు బాగా ఆడతారా?" అని. పెళ్ళి చేయించే అయ్యగారు ప్రతి పెళ్ళిలో పెళ్ళికొడుకు కానక్కర్లేదు కదా అని నవ్వేసేవాణ్ణి.

ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. బల్ల మీద గ్లాసు ఎక్కడ పెట్టాలో వాళ్ళకు కాలేజీలో నేర్పారు. ఆ గ్లాసు ముందు కూర్చున్న మనిషి ఎందుకు వచ్చాడో, ఒకరోజు ఎందుకు రావడం మానేస్తాడో నేర్పలేదు. క్లబ్బు వ్యాపారం నిలబడేదీ పడిపోయేదీ అక్కడే.

నాకు అది పూర్తిగా అర్థమైంది రాజ్యలక్ష్మి గారి వల్ల. భర్త పోయిన తర్వాత ఆమె మా మైదానంలో పొద్దున పూట నడవవచ్చా కూడదా అన్న ఒక్క ప్రశ్న ఒక వేసవి అంతా మా కమిటీని కుదురుగా ఉండనివ్వలేదు. ఆ సంగతికి వచ్చేముందు క్లబ్బు ఎలాంటిదో చెప్పాలి.

పెద్ద పేరు పెట్టుకున్న గరిక

మా క్లబ్బు ఖమ్మం నుంచి కొత్తగూడెం పోయే దారిలో, మిరప చేలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంది. పేరు రాయను. సభ్యులు ఇంకా అక్కడ కూర్చుని పెసరట్టు తింటూనే ఉన్నారు. గ్రానైటు వ్యాపారులు, మిర్చి కమీషనుదారులు, డాక్టర్లు, రిటైరైన ఇంజనీర్లు కలిసి పెట్టుకున్న క్లబ్బు అది. తొమ్మిది గుంతల మైదానం. ఒక చోట నిలబడి బంతిని కొట్టి, కొట్టుకుంటూ పోయి, దూరంగా జెండా పాతిన గుంతలో పడేయాలి. అలా తొమ్మిదిసార్లు. సగం దారులు అడవి వైపు పోతాయి, సగం తిరిగి క్లబ్బు భవనం వైపు వస్తాయి. అందువల్ల పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు పక్కపక్కనే ఎదురెదురుగా నడుస్తారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత కావాలి.

ఆట మొదలుపెట్టే ఎత్తు చోటుకు ఇంగ్లీషులో ఏదో చిన్న పేరుంది. మా గడ్డి పనివాళ్ళు దాన్ని చూసి, జాతరలో అమ్మవార్ల గద్దెలా ఉందని గద్దె అన్నారు. కొన్నాళ్ళకు డాక్టర్లు కూడా గద్దె అనే అన్నారు.

నాది తిరుమలాయపాలెం వైపు ఒక తండా. ఇంటర్ తర్వాత చదువు సాగలేదు. హైదరాబాదులో ఒక పాత క్లబ్బులో బల్లలు తుడిచే పనికి చేరాను. అక్కడి నుంచి ఇక్కడికి మేనేజరుగా ఎలా వచ్చానన్నది ఎవరికీ ఉపయోగపడని కథ. ఉపయోగపడేది గ్రంథాలయం. ఖమ్మంలో నా సెలవు రోజులన్నీ అక్కడే గడిచాయి. నేల గురించి, గడ్డి గురించి, వంటగది శుభ్రత గురించి, సంఘాల చట్టం గురించి ఏది దొరికితే అది చదివాను. ఇంగ్లీషు పుస్తకం ఎడమ పక్కన, నిఘంటువు కుడి పక్కన. అక్కడి లైబ్రేరియన్ గారు చాలాకాలం నన్ను వ్యవసాయ కాలేజీ లెక్చరరు అనుకున్నారు. నేనూ కాదనలేదు.

నేను చేరిన కొత్తలో కమిటీ పెద్దలు మా మైదానం గడ్డి ఇంగ్లీషు పేరును నోరారా పలికేవాళ్ళు. పట్నం నర్సరీ నుంచి లారీల్లో తెప్పించిన గడ్డి. దానికి రోజూ వరిమడికి పెట్టినట్టు నీళ్ళు పెట్టించేవాళ్ళు. అయినా అక్కడక్కడ కుళ్ళిపోయేది. ఒక ఆదివారం గ్రంథాలయంలో వృక్షశాస్త్రం పుస్తకం తిరగేస్తుంటే ఆ పేరు కనిపించింది, కింద బొమ్మ కనిపించింది. నమ్మలేక మళ్ళీ చూశాను. అది గరిక. వినాయకుడికి పెట్టే గరిక. మా నాన్న చేలో తిట్టుకుంటూ పీకి గట్టు మీద పారేసిన గరిక. నర్సరీ వాళ్ళది పొట్టిగా, ఒత్తుగా పెరిగే మేలు రకం, నిజమే. కానీ జాతి అదే, గుణాలు అవే. ఎండ కావాలి, నీళ్ళు నిలవకూడదు, నీడలో రాదు.

ఆ సంగతి మా అధ్యక్షులు ప్రసాదరావు గారికి చెప్పాను. గ్రానైటు వ్యాపారి. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి సత్తుపల్లి వైపు వచ్చి భూములు కొనుక్కున్నవాళ్ళు. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు.

"నాయక్, ఈ ముక్క సభ్యుల దగ్గర అనమాక. మనం గడ్డి కొనుక్కోలేదయ్యా, పేరు కొనుక్కున్నాం."

సభ్యులకు పేరు ఉంచాను, నేలకు గరిక వైద్యం చేశాను. నీళ్ళు తగ్గించాక గడ్డి కోలుకుంది. ఇప్ప చెట్ల కింద గడ్డి రాదు కాబట్టి చెట్లు కొట్టిద్దామని కొందరన్నారు. అక్కడ గడ్డి మీద ఆశ వదులుకుందామన్నాను. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళకు నా మొదటి మాట ఇది: సభ్యుడు దేనికి మురుస్తున్నాడో తెలుసుకోండి, అది కదిలించకండి. కానీ మైదానం దేనికి బతుకుతుందో మీకు విడిగా తెలిసి ఉండాలి.

ఖాన్ సాబ్ సలాం

హైదరాబాదు క్లబ్బులో నాకు పని నేర్పింది ఖాన్ సాబ్ అనే పెద్ద బేరర్. తెల్ల గడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ కోటు. నేను ఒక సభ్యుడికి చాయ్ ఇచ్చి వచ్చేస్తుంటే చెవి పట్టి ఆపాడు.

"పేరు పెట్టి పిలిచినవా?"

"లేదు సాబ్. చాయ్ ఇచ్చిన కదా."

"బేటా, చాయ్ బజార్ల దొరుకుతది. గీడ దొరికేది సలాం. పేరు తెల్వని సలాం సలాం కాదు."

క్లబ్బులంటే డబ్బున్నవాళ్ళు తిని తాగే చోటని బయట అనుకుంటారు. తినడానికి ఖమ్మంలో మంచి హోటళ్ళున్నాయి, తాగడానికి చెప్పనే అక్కర్లేదు. మనిషి తన ఇంటి బయట ఇంకొక చోట తన కుర్చీ ఏదో, తన చాయ్‌లో చక్కెర ఎంతో తెలిసినవాళ్ళు ఉండాలని చందా కడతాడు. ఇంత పెద్ద ఊళ్ళో కూడా అలాంటి చోటు ఎక్కువమందికి లేదు.

ఖాన్ సాబ్ ఇంకో మాట కూడా అన్నాడు. "రావుడు బంద్ జేసినోణ్ణి ఎందుకొస్తలేవని అడుగకు. అబద్ధం చెప్తడు. ఆయన కుర్చీ కాడ ఏం మారిందో నువ్వే చూడు." ఇన్నేళ్ళ పుస్తకాల్లో ఇంతకన్నా పనికొచ్చే వాక్యం నాకు దొరకలేదు.

షామియానా మేకులు

గోల్ఫ్ మైదానం దానంతట అది లాభం తేదు. ఎవరు తెస్తుందన్నా నమ్మకండి. నీళ్ళు, కోత, మనుషులు, అడవి పందులు తవ్వి పోసిన గుంటలు పూడ్చడం, అన్నీ ఖర్చే. మైదానం పేరు మీద సభ్యులు వస్తారు, వంటగది మీద క్లబ్బు బతుకుతుంది. అందుకే ప్రతి క్లబ్బులో ఎప్పుడో ఒకప్పుడు ఒక అధ్యక్షుడికి పెళ్ళిళ్ళ ఆలోచన వస్తుంది. ఇంత పచ్చటి నేల ఖాళీగా ఉంది, ముహూర్తాలకు కిరాయికి ఇద్దాం అని.

ప్రసాదరావు గారికీ వచ్చింది. వద్దన్నాను. "నీకు వ్యాపారం తెలీదయ్యా, నువ్వు పుస్తకాల మనిషివి" అన్నారు.

మొదటి పెళ్ళికి షామియానా వాళ్ళు ఇనుప మేకులు దిగగొట్టారు. నేల కింద నీళ్ళ పైపులున్నాయి. సరిగ్గా తలంబ్రాల వేళకు వేదిక పక్కన నీళ్ళు మనిషెత్తు ఎగజిమ్మాయి. పెళ్ళివారు అది అలంకారమనుకున్నారు. చప్పట్లు కొట్టారు, ఫోటోలు దిగారు. వేదిక కింద బురదై వరుడి తాతగారు కుర్చీతో సహా ఒరిగేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ పైపులు వేయించింది రంగారావు గారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, క్లబ్బు పెట్టినవాళ్ళలో ఒకరు, ప్రసాదరావు గారికి ప్రాణ స్నేహితుడు. మర్నాడు ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి బురదలో దిగి పైపు అతికించారు. గట్టు మీద ఫ్లాస్కు పట్టుకుని ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు నిలబడ్డారు. నేలకొండపల్లి ఆడపడుచు. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. మాట పదును.

"ప్రసాదరావూ, ఇంకో రెండు లగ్గాలు పట్టు. మీ అన్న నీళ్ళళ్ళనే ఉంటడు, నాకు ఇంట్ల వంట తప్పుతది" అన్నారు. ప్రసాదరావు గారు తల గోక్కున్నారు.

పైపు సంగతి నవ్వుకుని మరచిపోయాం. మరచిపోలేనిది మరొకటి జరిగింది. ఆ పెళ్ళి రోజు పాత సభ్యుడొకాయన ఎప్పటిలాగే సాయంత్రం వస్తే, గేటు దగ్గర పెళ్ళివారి కుర్రాళ్ళు "మీరు ఎవరి తరఫు?" అని అడిగారు. ఆయన తన క్లబ్బు గేటు దగ్గర నుంచే కారు తిప్పుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ చాలా నెలలు రాలేదు. ఒకే ఒక్క ప్రశ్న. దానికి పెళ్ళివారిచ్చిన కిరాయి సరిపోదు. అది అర్థమయ్యాక ప్రసాదరావు గారే ముహూర్తాలు మాన్పించారు. మంచి బాస్ అంటే తప్పు చేయనివాడని నేను అనుకోను. గేటు దగ్గర ఏం జరిగిందో చెబితే వినేవాడు.

కంచె పొంటి దారి

రంగారావు గారు, రాజ్యలక్ష్మి గారు పొద్దున్నే కలిసి వచ్చేవారు. ఆయన ఆడేవారు, ఆమె పక్కన నడిచేవారు. బంతి సరిగా పోకపోతే ఆమె వ్యాఖ్యానం ఆయనకే కాదు, పక్క దారిలో ఆడేవాళ్ళకు కూడా వినపడేది.

ఒక చలికాలం ఆయన గుండెపోటుతో పోయారు. ఇప్ప పూలు రాలే రోజులకు ఆమె ఒంటరిగా నా గదికి వచ్చారు.

"నాయక్ గారూ, ఆయన కార్డు తెచ్చిన. వాపస్ ఇయ్యాలెనట గదా?"

మా నియమాల్లో సభ్యుడు పోతే భార్య హక్కు కూడా పోతుంది. కమిటీ ఒప్పుకుంటే కొనసాగవచ్చు. ఆ మాటే చెప్పి, అప్పటిదాకా కార్డు తన దగ్గరే ఉంచుకుని దరఖాస్తు చేయమన్నాను.

"నేను కొత్తగ చేరుతున్ననా? ఈ పైపులు ఏసిన్నాడు మీ అందరికి సద్దులు మోసుకొచ్చింది ఎవరు?"

"మీరే మేడం."

"నాకు మీ పేకాట వద్దు, బారొద్దు. పొద్దుగాల ఆయన నడిచిన దారిల ఇంతసేపు నడుస్త. ఇంట్ల కూసుంటే గోడలు మీద పడుతున్నయి. గంతే."

దరఖాస్తు కమిటీ ముందుకు పోయింది. మా కమిటీకి ఒక అలవాటుంది. కాదనలేనిదాన్నీ అవుననలేనిదాన్నీ 'తదుపరి సమావేశానికి' అని పక్కన పెడతారు. ఈలోగా ఆమె నడుస్తూనే ఉన్నారు. ఎండ రాకముందే వచ్చి, అడవి చివర నుంచి క్లబ్బు భవనం వైపు వచ్చే దారిలో. సరిగ్గా ఆ వేళకే మగవాళ్ళు గద్దె ఎక్కి ఆట మొదలుపెట్టేవాళ్ళు. ఆమె వాళ్ళకు ఎదురుగా వచ్చేవారు.

మొదట వచ్చిన ఫిర్యాదు భద్రత గురించి. బంతి తగిలితే బాధ్యత ఎవరిది అన్నారు. ఇన్నేళ్ళు భర్త పక్కన అదే దారిలో నడిచినప్పుడు ఆ బంతులు మెత్తగా ఉండేవి కాబోలు. అసలు సంగతి ఒక మిర్చి వ్యాపారి నోట బయటపడింది. ఆయన పందెం ఆట ఓడి వచ్చి, టిఫిన్ బల్ల దగ్గర అందరికీ వినపడేలా అన్నాడు:

"గద్దె మీద నిలబడి బంతి పెట్టంగనే ఆమె ఎదురొచ్చె. ఇగ బంతి ఎటు పోతది? అడవిల వడ్డది."

ఎవరూ ఖండించలేదు. చదువుకున్నవాళ్ళు, గుండె ఆపరేషన్లు చేసినవాళ్ళు సాంబారులో చెంచా తిప్పుతూ ఊరుకున్నారు. రెండు రోజులకు ప్రసాదరావు గారు నన్ను పిలిచారు.

"నాయక్, ఆవిడని ఆ టైముకి రాకుండా చూడవయ్యా."

"ఏ టైముకి రమ్మందాం సార్?"

"మేం ఆడాక."

"మీరు ఆడాక ఎండ ముదురుతుంది సార్."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "నాకేం పట్టింపు లేదయ్యా. సభ్యులంటన్నారు. అదీగాక, వదిన వస్తా ఉంటే పక్కన రంగారావు లేడని కనపడుద్ది. పొద్దున్నే అది చూడలేకపోతన్నా."

ఆ చివరి మాట నిజం. కళ్ళు తడిశాయి కూడా. కానీ నిజం పక్కనే కూర్చున్న ఇంకో సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

అడవి కంచె పక్కన ఇప్ప చెట్ల కింద నడక దారి వేయించమన్నారు. అక్కడ నడిస్తే ఎవరికీ ఎదురుపడరు. ఆవిడకు అర్థమవుతుంది సార్ అన్నాను. "నీడ కోసమని చెప్పు" అన్నారు. కంకర పోయించి, బోర్డు పెట్టించాను. ఆమె ఆ దారిలో ఒక్కరోజు చివరిదాకా నడిచి నేరుగా నా గదికి వచ్చారు.

"దారి మంచిగుంది నాయక్ గారూ. కంచె పొంటి ఏసిన్రు."

"నీడ ఉంటుందని మేడం."

"నీడకా? బర్రెను చేను గట్టు పొంటి తోలినట్టు తోలిన్రు. ఎవ్వరికి ఎదురు రావద్దనే గదా? అవ్ అనున్రి, పోత."

ఇంత సూటిగా అడిగిన మనిషికి అబద్ధం చెప్పడం అవమానం మీద అవమానం. "అవ్ మేడం" అన్నాను. ఆమె కార్డు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఖాళీ అయిన బల్లలు

ఆదివారం టిఫిన్ మా క్లబ్బుకు ప్రాణం. కుటుంబాలు వచ్చే పూట అదొక్కటే. రాజ్యలక్ష్మి గారు మానేసిన కొన్ని వారాలకు ఆ బల్లలు పలచబడటం మొదలైంది. వంటమనిషి మారాడా అంటే లేదు. ఎండలనుకుందామంటే, ప్రతి ఏడూ ఎండలే. మగవాళ్ళు ఒంటరిగా వచ్చి, ఇడ్లీ తిని, ఫోను చూసుకుని, తొందరగా లేచిపోతున్నారు. ఆడవాళ్ళు రావడం లేదు. నేను ఖాన్ సాబ్ చెప్పినట్టు ఎవరినీ అడగలేదు, కుర్చీల దగ్గర ఏం మారిందో చూశాను. మారింది ఒకటే.

ఒక డాక్టరు గారి భార్య మాత్రం పుట్టినరోజు కేకు పట్టుకెళ్ళడానికి వచ్చి, కౌంటరు దగ్గర నాతో మెల్లగా అన్నారు. "ఇయ్యాల ఆమె. రేపు నేను. గీడికి అలవాటు పడుడెందుకు నాయక్ గారూ?"

క్లబ్బు వ్యాపారం గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇది లేదు. మా సభ్యులందరూ దంపతులు. ప్రతి జంటలో ఒకరు ముందు పోతారు, ఒకరు మిగులుతారు. మిగిలినవాళ్ళను ఏం చేస్తామో మేము ఒకే ఒక్క మనిషి విషయంలో చూపించాం. మిగతా ఆడవాళ్ళంతా అక్కడ తమ రేపటిని చూసుకున్నారు. కమిటీకి ఈ మాట చెప్పాను. విన్నారు. తదుపరి సమావేశానికి అన్నారు.

నా దగ్గర ఇంకో మాట ఉంది. అది చెబితే వాదన అక్కడికక్కడే ముగుస్తుంది. కానీ చెప్పలేదు. ఎందుకో తెలియాలంటే ముత్తమ్మ గురించి చెప్పాలి.

అడవి లోపలి గూడెం నుంచి గడ్డి పనికి వచ్చే ఆడవాళ్ళకు ముత్తమ్మ మేస్త్రీ. పొద్దున్నే గద్దె దగ్గర గడ్డి సరిచేసేది ఆమే. ఒకసారి ప్రసాదరావు గారు బంతి చేయి జారి పడేసుకుంటే ఆమె తీసి ఇచ్చింది. ఆ దెబ్బతో బంతి జెండా పక్కన పడింది. అంత బాగా ఆయన అంతకుముందు కొట్టలేదు. అప్పటి నుంచి ఆయనకు ముత్తమ్మ చేయి మంచిదని నమ్మకం. రోజూ మొదటి బంతి ఆమె చేత్తో అందుకుంటే తప్ప ఆట మొదలుపెట్టరు. ముత్తమ్మ భర్త ఆమె మా పనికి రాకముందే పోయాడు. ఆమె బొట్టు, గాజులు తీయలేదు. "మా ఇంట్ల ఎవ్వరడగలే, నేను తియ్యలే" అని ఎప్పుడో నాతో అంది. ఆ సంగతి ప్రసాదరావు గారికి తెలియదు. ఆయన ఎన్నడూ అడగలేదు.

నేను చెబితే? రాజ్యలక్ష్మి గారిని లోపలికి రానిస్తారో, ముత్తమ్మను కూడా కంచె వైపు పంపిస్తారో నాకు నమ్మకం లేదు. ఆమె జీతం మీద ఒక ఇల్లు నడుస్తోంది. అందుకే నోరు మూసుకున్నాను. కానీ క్లబ్బులో పనివాళ్ళకు తెలియని సంగతి ఉండదు. ముత్తమ్మే ఒకరోజు చీపురు పట్టుకుని నా గుమ్మం దగ్గర నిలబడింది.

"సారూ, పంతులమ్మ ఎందుకొస్తలేదు?"

"ఒంట్లో బాగాలేదేమో."

"ఎదురొస్తదని వద్దన్నరట గదా?" అని నవ్వింది. "మరి నేనేంది?"

"నువ్వు ఊకో ముత్తమ్మా."

"ఊకుంటనే ఉన్న గదా సారూ, ఇన్నేండ్ల సంది."

వెనక నిలబడ్డ ఆడవాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అన్నారు. ఏమన్నారో నాకు అర్థం కాలేదు కానీ, అది నవ్వులాట కాదని మాత్రం అర్థమైంది.

గద్దె మీద

ఆ తర్వాతి ఆదివారం. ప్రసాదరావు గారు గద్దె ఎక్కి, చూడకుండానే పక్కకు చేయి చాచారు. అది ఆయన అలవాటు. బంతి రాలేదు. ముత్తమ్మ పిడికిలి మూసుకుని నిలబడింది. వెనక మిర్చి వ్యాపారి, ఇద్దరు డాక్టర్లు. నేను కింద మెట్టు దగ్గర.

"సారూ, ఒక మాట."

"ఏంటి ముత్తమ్మా? జీతం సంగతైతే నాయక్‌తో చెప్పు."

"జీతం గాదు. నా మనిషి పోయి శానేండ్లయింది. నేను ఈ పనికి రాకముందే పోయిండు. మీకు తెల్వదు, మీరడగలే. పంతులమ్మను ఎదురు రావద్దన్నరట. మరి రోజు పొద్దుగాల ముందుగాల మీకెదురొచ్చేది నేనే గదా?" పిడికిలి విప్పింది. "తీసుకుంటరా, వద్దా? చెప్పున్రి. ఎండ రాకముందు గడ్డి కొయ్యాలె."

మిర్చి వ్యాపారి తన బూట్ల వైపు చూసుకున్నాడు. ప్రసాదరావు గారి చేయి చాచినట్టే ఉంది. ఆయన నా వైపు తిరిగారు.

"నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"మరి చెప్పవేంటయ్యా?"

"చెబితే ఈమెను కూడా కంచె వైపు పంపిస్తారేమోనని."

ఆయన చేయి దించుకుని, గద్దె దిగి, కారెక్కి వెళ్ళిపోయారు. ముత్తమ్మ బంతిని గద్దె మీద పెట్టి గడ్డి కోయడానికి వెళ్ళింది. ఆ వారమంతా నేను మా ఇద్దరి ఉద్యోగాలు పోయాయనే అనుకున్నాను. ఇంట్లో మా ఆవిడకు కూడా చెప్పి ఉంచాను.

పోలేదు. ఆయన వారం చివర కమిటీని పిలిచి, దరఖాస్తు తీయించి, నియమమే మార్చమన్నారు. కొత్త నియమం నేనే రాశాను. గ్రంథాలయంలో చదివిన సంఘాల చట్టం నా జీవితంలో ఒకే ఒక్కసారి సంపూర్ణంగా పనికొచ్చింది. ఒక్క వాక్యం: దంపతుల్లో ఒకరు లేకపోయినా రెండోవారు ఎవరినీ అడగనక్కర్లేకుండా సభ్యులుగానే ఉంటారు. మిర్చి వ్యాపారి కూడా చేయెత్తాడు. తర్వాతి నెలల్లో ఆదివారం బల్లలు నిండాయి. ఆ తర్వాత ఆడవాళ్ళు తామే సభ్యత్వాలకు వచ్చారు, పిల్లలకు ఈత కొలను అడిగారు, వంటగది పెద్దదయ్యింది. నేను పని దిగిపోయేనాటికి క్లబ్బు తన కాళ్ళ మీద తాను నిలబడింది. ఆ ఘనత నాదని నా వీడ్కోలు సభలో చాలామంది అన్నారు. ముత్తమ్మ వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. గడ్డి గురించి చదవండి, చట్టం గురించి చదవండి, నేను చదివినదానికి ఏనాడూ బాధపడలేదు. కానీ మీ గేటు దగ్గర ఎవరు వెనక్కి తిరుగుతున్నారో రోజూ ఒకసారి వెళ్ళి చూడండి.

నియమం మారిన రోజు సాయంత్రమే ప్రసాదరావు గారు కార్డు పట్టుకుని రాజ్యలక్ష్మి గారి ఇంటికి వెళ్ళారట. ఆమే నాకు చెప్పారు. చాలాసేపు రంగారావు గారి పైపుల గురించి మాట్లాడి, కాఫీ తాగి, గుమ్మం దగ్గర "రేపు పొద్దున రా వదినా" అన్నారట.

"ఎటు నుంచి రమ్మంటవు?" అని అడిగారట ఆమె.

మర్నాడు ఆదివారం. ప్రసాదరావు గారు గద్దె ఎక్కి చేయి చాచారు. ముత్తమ్మ బంతి పెట్టింది. ఆయన దాన్ని గుప్పిట్లోనే ఉంచుకున్నారు.

"నాయక్, వదిన వచ్చిందా?"

"ఇంకా కనపడలేదు సార్."

"ఆగుదాం."

వెనకవాళ్ళు సణిగారు. ఆయన కదలలేదు. కాసేపటికి అడవి చివర, ఇప్ప చెట్ల పక్కన తెల్ల చీర కనిపించింది. కంచె దారి వదిలి, మైదానం మధ్య దారిలో, ఫ్లాస్కు ఊపుకుంటూ ఆమె ఎదురుగా వచ్చారు. గద్దె దగ్గరికి వచ్చి పక్కకు జరిగి నిలబడ్డారు.

"కొట్టు ప్రసాదరావూ, నన్నేంది చూస్తవు?"

ఆయన బంతి పెట్టి, ఊపిరి బిగించి కొట్టారు. బంతి వంకరగా పోయి ఇప్ప చెట్లలో పడింది. అందరం ఆయన ముఖంలోకి చూశాం. మిర్చి వ్యాపారి అయితే నోరు తెరిచేశాడు.

"గాలి" అన్నారు ప్రసాదరావు గారు.

ఆ పొద్దున ఆకు కూడా కదలడం లేదు.